ఇసుక మీది రాబర్ ఫ్లైని గుర్తుపట్టే తీరు

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెల మీద నువ్వు తీసిన రాబర్ ఫ్లై (ఇతర కీటకాలను వేటాడే ఈగ) ఫొటోలు చూశాను. జాతి పేరు చెప్పమన్నావు. ఈ చిత్రాలను బట్టి ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, వరకే వెళ్లగలం. అంతకు మించి చెబితే అది ఊహే అవుతుంది.

ముందుగా అది కందిరీగ కాదని తేల్చుకోవాలి. దానికి ఉన్నవి రెండే రెక్కలు, వెనక జత రెక్కల చోట చిన్న గుబ్బలు మాత్రమే ఉంటాయి. తరువాత తలను ఎదురుగా పరిశీలించు. రెండు కళ్ల నడుమ నడినెత్తి లోపలికి దిగి, మూతి మీద గరుకైన మీసకట్టు, దాని కింద గట్టి తొండం కనిపిస్తే అది రాబర్ ఫ్లైల కుటుంబమైన అసిలిడేదే. ఆ కుటుంబంలో దాదాపు 7,500 జాతులున్నాయి కనుక అక్కడితో ఆగితే లాభం లేదు.

నీ ఈగ స్టికోపోగాన్ ప్రజాతిదని నా అభిప్రాయం. జర్మన్ కీటక శాస్త్రవేత్త హెర్మన్ లోవ్ 1847లో ఏర్పరచిన ప్రజాతి ఇది. చిన్న శరీరం, బూడిద రంగు, పొట్ట మీద వెండి పట్టీలు, పైకి పోయేకొద్దీ ఒకదానికొకటి దూరమయ్యే కళ్ల వల్ల వెడల్పుగా కనిపించే తల, మూతి అడుగు అంచుకే పరిమితమైన మీసకట్టు, అన్నిటికీ మించి బోడి ఇసుక మీదే వాలే అలవాటు, ఇవన్నీ ఒకేచోట కలుస్తున్నాయి. గడ్డి కొసన వాలి, తల మీది స్పర్శకం (యాంటెనా) చివరి పోచకు ఈకలాంటి నూగు ఉన్నది కనిపిస్తే అది ఒమ్మేషియస్ అనే వేరే ప్రజాతి, రెంటినీ కలపకు. రంగును మాత్రం చివర చూడు, ఎందుకంటే ఒంటి మీది ఆ వెండి పొడి ఈగ వయసు పెరిగేకొద్దీ రాలిపోతుంది.

జాతి తేలాలంటే సాధారణంగా మగ ఈగ పొట్ట చివరనున్న, పట్టుకారులాంటి జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. ఆడ ఈగకు ఆ చోట ముళ్ల వరుస ఉంటుంది, గుడ్లు పెట్టేందుకు ఇసుక తవ్వుకోవడానికి. కనుక ఇకమీదట ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, రెక్కల ఈనెలు కనిపించేలా పైనుంచి ఒకటి ఫొటో తియ్యి. నీ నీడ దాని మీద పడనివ్వకుండా వంగి వెళ్లు. ఈగ లేచిపోయాక అదే చోట రూపాయి బిళ్ల పెట్టి మరొకటి తీస్తే పరిమాణం తెలుస్తుంది.

దాని నోట ఏ ఎర ఉన్నదో తప్పక రాసిపెట్టు. ఈ ఈగలు తొండంతో ఎరలోకి లాలాజలం ఎక్కించి, దానిని చచ్చుపరచి, లోపలి భాగాన్ని ద్రవంగా మార్చి పీల్చుకుంటాయి. అమెరికాలోని స్టికోపోగాన్ ట్రైఫేషియేటస్ సాలీళ్లను సైతం పట్టుకుంటుంది. మన కృష్ణ ఒడ్డున ఉన్నది ఏమి తింటున్నదో నువ్వు నమోదు చేస్తే అది పేరుకన్నా విలువైన సమాచారమని నేను భావిస్తాను.

చేత్తో పట్టుకోకు, కుడుతుంది. బ్యారేజీ గేట్లు ఎత్తే రోజులలో తిన్నెల మీదికి అసలే దిగకు. మగ ఈగను పక్కనుంచి తీసిన చిత్రం దొరికితే, తేదీ, వాలిన చోటు రాసి నాకు పంపు. హైదరాబాదులోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రానికి ఏమని రాయాలో అప్పుడు చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య