టీ షాపు ఫ్రాంచైజీకి నేను గ్యారంటీ సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: మాది జడ్చర్ల. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి బెంగళూరులో హోటల్ పని చేసి తిరిగొచ్చాడు. ఒక టీ కంపెనీ ఫ్రాంచైజీ తీసుకుంటానంటున్నాడు. ఫీజు 4 లక్షలు, షాపు పనులతో కలిపి 12 లక్షలు. అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ. నెలకు 60 వేలు మిగులుతుందని కంపెనీ మనిషి చెప్పాడు. అగ్రిమెంటు 5 ఏళ్లు, 3 ఏళ్ల లోపు మానేస్తే జరిమానా. మానేశాక 2 ఏళ్లు టీ వ్యాపారం చేయకూడదట. తగాదా వస్తే ఢిల్లీలో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు. గ్యారంటీకి నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: వద్దు. గ్యారంటర్‌గా సంతకం పెడితే మీ అబ్బాయి ఎంత బాకీ పడితే మీరూ అంత బాకీ పడ్డట్టే. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెప్పేది అదే. ముందు అబ్బాయి దగ్గర వసూలు చేసి, మిగిలిందే మిమ్మల్ని అడగాలన్న రూలేమీ లేదు. తప్పదంటే, మీ బాధ్యత ఇంతకు మించదని ఒక అంకె రాయించండి.

ఇక అసలు సంగతి. మన దేశంలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టం లేదు. అమెరికాలో సంతకానికి కనీసం 14 రోజుల ముందే కంపెనీ తన వివరాలన్నీ రాసి ఇవ్వాలి. ఇక్కడ మనమే అడిగి తీసుకోవాలి. 60 వేల మాట అగ్రిమెంటులో ఉందేమో చూడండి. నేను చూసిన కాగితాల్లో ఇలాంటివి ఉండవు. పైగా 'ఇందులో లేని మాటలేవీ చెల్లవు' అని ఒక క్లాజు ఉంటుంది. తప్పు చెప్పి ఒప్పించారని అదే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ కింద రద్దు కోరవచ్చు. కానీ మామూలు జాగ్రత్తతో నిజం తెలిసేదే కదా అని అవతలి లాయరు అడ్డుపడతాడు, ఆ మినహాయింపు కూడా అదే సెక్షన్‌లో ఉంది.

అందుకే మహబూబ్‌నగర్‌లోనో షాద్‌నగర్‌లోనో వాళ్ల షాపు ఉంటే కంపెనీ మనిషి లేకుండా వెళ్లి పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోండి. ఎన్ని కప్పులు పోతున్నాయో లెక్కపెట్టడం కండక్టర్‌గా చేసిన మీకు నేను నేర్పాలా! మూసేసుకున్న వాళ్లెవరైనా దొరికితే మరీ మంచిది.

రాయల్టీ లాభం మీద కాదు, అమ్మకం మీద. రోజుకు 6 వేలు అమ్మితే నెలకు లక్షా 80 వేలు. అందులో 10,800 రాయల్టీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. నష్టమొచ్చిన నెలలోనూ ఇది కట్టాల్సిందే. 4 లక్షల ఫీజు మీద జీఎస్టీ 72 వేలు అవుతుంది. అది ఆ 12 లక్షల్లో ఉందో, విడిగా కట్టాలో అడగండి.

2 ఏళ్ల నిషేధం గురించి టెన్షన్ వద్దు. అగ్రిమెంటు ముగిశాక అలాంటి షరతు 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. నడుస్తున్నంత కాలం మాత్రం పక్కన ఇంకో టీ షాపు పెట్టకూడదంటే చెల్లుతుంది, 1995లో గుజరాత్ బాట్లింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి షరతునే సమర్థించింది. జరిమానా విషయంలోనూ 74వ సెక్షన్ మీ వైపే ఉంది. కాగితం మీద ఎంత రాసినా అది గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు సబబైనంతే ఇప్పిస్తుంది. అయితే డిపాజిట్ కట్టి ఉంటే అది అప్పటికే వాళ్ల చేతిలో ఉంటుంది. దాని కోసం జడ్చర్ల నుంచి ఢిల్లీకి ఎన్నిసార్లు తిరుగుతారు? ఆర్బిట్రేషన్ సీటు, అంటే దాని చోటు, హైదరాబాద్ అని మార్పించండి.

షాపు కిరాయి కాగితం కూడా చూసుకోండి. 11 నెలల కాగితం చేతిలో పెట్టుకుని 5 ఏళ్ల ఫ్రాంచైజీ తీసుకుంటే, ఓనరు ఖాళీ చేయమన్న రోజున షాపు పోతుంది, అగ్రిమెంటు పోదు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి.

చట్టం బయట ఒక మాట. ఫ్రాంచైజీ అంటే వాళ్లు చెప్పిన పొడి, వాళ్లు చెప్పిన కప్పు, వాళ్లు పెట్టిన రేటు. హోటల్ పని అసలు తెలియని వాళ్లకు అది ఆసరా కావచ్చు. మీ అబ్బాయికి పని వచ్చు. సొంత బోర్డు పెడితే ఎంతవుతుందో అతని చేతే ఒక లెక్క వేయించి, ఈ 12 లక్షల పక్కన పెట్టి చూడండి.

అయినా ఇటే మొగ్గితే, ఆ పేరుకు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకండి. డబ్బు ఎవరి సొంత ఖాతాలోకీ వేయవద్దు, కంపెనీ పేరున్న ఖాతాకే పంపండి. అగ్రిమెంటు డ్రాఫ్టు చేతికి రాకముందు టోకెన్ అడిగితే ఇవ్వకండి.