కొండ మీది ఊళ్లో ఒక రాత్రి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

ఇటలీలో నాలుగు రోజుల్లో ఆరు కొండ ఊళ్లు చూసేస్తామని రాశావు. ఆరు వద్దమ్మా, రెండు చాలు. వాటిలో ఒక దాంట్లో రాత్రి పడుకోండి.

సాన్ జిమిన్యానోలో పాతకాలం రాతి బురుజులు 14 మిగిలాయి. మధ్యాహ్నం పూట వెళ్తే బురుజులు కాదు, ముందున్నవాళ్ల వీపులే కనిపిస్తాయి. సాయంత్రం టూరిస్ట్ బస్సులు కొండ దిగిపోయాక చూడాలి. మేం ఉన్న రోజు ఒక ముసలావిడ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. బురుజుల చుట్టూ పిట్టలు గోల గోలగా తిరుగుతున్నాయి. అప్పుడుగానీ అక్కడ మనుషులు కాపురముంటారని నాకు తట్టలేదు.

కారు తీసుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకో. పాత ఊళ్లోకి వెళ్లే దారి మొదట్లో ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రటి బోర్డు, పక్కనే 'జోనా ట్రాఫికో లిమిటాటో' అని ఉంటుంది. అంటే పర్మిషన్ లేని కార్లు లోపలికి రాకూడదని. గేటుండదు, పోలీసుండడు, కెమెరా మాత్రం ఉంటుంది. మేం ఫోన్‌లో మ్యాప్ చెప్పినట్టే పోయాం. ఇంటికొచ్చిన కొన్ని నెలలకు జరిమానా కాగితం వచ్చింది! కారు కింద పార్కింగ్‌లోనే వదిలి నడవండి. హోటల్ లోపలే ఉంటే కారు నంబరు ముందే వాళ్లకిచ్చి, పర్మిషన్ సంగతి అడగండి.

అసలు ఈ టెన్షన్ లేకుండా రోమ్ నుంచి రైల్లో ఓర్వియెటో వెళ్లొచ్చు. స్టేషన్ ఎదురుగానే కేబుల్ రైలు ఎక్కితే కొండ మీద దింపుతుంది. దిగిన చోటికి దగ్గర్లోనే సాన్ పాట్రిజియో బావి. 1527లో రోమ్‌ను సైనికులు దోచుకున్నప్పుడు పోప్ 7వ క్లెమెంట్ ఈ ఊళ్లో తలదాచుకున్నాడు. శత్రువులు ముట్టడిస్తే నీళ్లకు కటకట అవుతుందని దీన్ని తవ్వించాడు. లోతు 50 మీటర్ల పైనే. నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడకుండా దిగడానికో మెట్లదారి, ఎక్కడానికో మెట్లదారి, ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పోతాయి. కిటికీలోంచి చూస్తే అవతలి దారిలో ఎక్కుతున్నవాళ్లు కనిపిస్తారు, ఎంత నడిచినా కలవరు. ఎక్కేవి 248 మెట్లని దిగకముందే గుర్తుంచుకో. మీ మామయ్య పైనే కూర్చున్నారు.

పెద్ద సూట్‌కేసు రోమ్‌లోనే దాచుకునే చోట పెట్టేసి, భుజానికి తగిలించుకునే సంచీతో వెళ్లండి. ఆ రాళ్ల దారుల్లో చక్రాలు నిలవవు. వీధి కుళాయి మీద 'నాన్ పొటాబిలే' అని ఉంటే ఆ నీళ్లు తాగకండి. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు, ఆ వేళకు భోజనానికి కూర్చోండి.

గది బుక్ చేసే ముందు లిఫ్ట్ ఉందా అని అడుగు. పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు. నేను అడగలేదు. ఆ మూడో అంతస్తు సంగతి మీ మామయ్య ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటారు.

ఇట్లు,
అత్తయ్య