ముందు మీ నాన్నకు చెప్పు

చి. స్వాతికి, గుంటూరు నుంచి అత్తయ్య ఆశీస్సులు.

నాన్నను హైదరాబాద్‌లో లంగ్ క్యాన్సర్‌కు కొత్త మందును పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేర్పించాలని చూస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ వెబ్‌సైటులో నువ్వే వెతికావట, డాక్టరు గారితో మాట్లాడావట, రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలు చేశావట. నా తమ్ముడి కడుపున ఇలాంటి పిల్ల పుట్టిందని ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది. నాన్నకు ఇంకా నిమ్ము అనే చెప్పారనీ, ట్రయల్‌లో తీసుకున్నాక నిదానంగా అసలు సంగతి చెబుతారనీ. అప్పట్నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఫోన్ చేస్తే నేను కోప్పడతాను, నువ్వు ఏడుస్తావు, అసలు విషయం పక్కకు పోతుంది. అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ఎవరిని తీసుకుంటారు అని అడిగావట కదా, ముందు అది చెబుతాను. లంగ్ క్యాన్సర్ ఉంది అంటే చాలదమ్మా. ఏ రకం, ఏ స్టేజి, ఏ మ్యుటేషన్ (అంటే గడ్డ కణాల జన్యువుల్లో ఏ మార్పు), ఇప్పటిదాకా ఏ మందులు వాడారు, గుండె, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయి, ఇవన్నీ వాళ్ళు ముందే రాసి పెట్టుకున్న షరతులకు సరిపోవాలి. ఇంత పట్టింపు ఎందుకని విసుక్కోకు. గెఫిటినిబ్ అనే మాత్రను కీమోతో పోలుస్తూ ఆసియా దేశాల్లో 1217 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2009లో వచ్చాయి. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మ్యుటేషన్ ఉన్నవాళ్ళకు ఆ మాత్ర కీమో కంటే బాగా పనిచేసింది. మ్యుటేషన్ లేనివాళ్ళకు కీమోయే మేలని తేలింది. జబ్బు పేరు ఒకటే, మాత్ర ఒకటే, ఒకరికి మేలు చేసింది, ఇంకొకరికి నష్టం చేసింది. అందుకే ఈ జల్లెడ. కాబట్టి మ్యుటేషన్ రిపోర్టు చేతికి రాకుండా బయల్దేరొద్దు.

రిపోర్టు ఒక్కటే చాలదు, బయాప్సీ బ్లాక్ కూడా అడిగి తెచ్చుకో. పరీక్షకని గడ్డలోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి దాస్తారు. దాని అంచున నంబరు రాసి ఉంటుంది. చాలా ట్రయల్స్‌లో దాన్ని వాళ్ళ ల్యాబులో మళ్ళీ పరీక్ష చేస్తారు. అది విజయవాడలో ల్యాబులోనే ఉండిపోయి, కొరియర్‌లో వచ్చేదాకా రోజులు పోగొట్టుకున్నవాళ్ళను నా నర్సు ఉద్యోగంలో ఎంతమందిని చూశానో.

సీటీలో కనీసం పది మిల్లీమీటర్ల గడ్డ కొలవడానికి వీలుగా ఉండాలంటారు. మెదడు ఎంఆర్ఐ అడుగుతారు. క్యాన్సర్ అక్కడికి పాకి ఉంటే ముందు దానికి ట్రీట్‌మెంట్ చేసి, కుదురుగా ఉన్నాకే చాలా చోట్ల తీసుకుంటారు. రక్తంలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, కిడ్నీ కోసం క్రియాటినిన్, లివర్ కోసం బిలిరూబిన్ చూస్తారు. సిగరెట్లు తాగేవాడని తోసిపుచ్చుతారేమోనని మీ అమ్మ భయపడుతోంది. ఆ భయం అక్కర్లేదు. తాగాడా, ఎన్నేళ్ళు తాగాడు అని అడుగుతారు, రాసుకుంటారు, అంతే. వయసు ఎక్కువైందని కూడా సాధారణంగా కాదనరు.

మందుల విషయంలో మాత్రం ఒక్కటి కూడా దాచొద్దు. మొదట్లో టీబీ అనుకుని నాన్నకు కొన్నాళ్ళు మందులు వాడారు కదా, ఆ కార్డు తీసుకెళ్ళు. అందులో ఉండే రిఫాంపిసిన్ చాలా క్యాన్సర్ మాత్రల బలాన్ని ఒంట్లో తగ్గించేస్తుంది. ఆయాసం వచ్చినప్పుడల్లా వీధి చివర ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల మాత్రలు స్టెరాయిడ్‌లేమో కనుక్కో. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ ట్రయల్స్‌లో రోజుకు పది మిల్లీగ్రాములకు మించి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడేవాళ్ళను సాధారణంగా తీసుకోరు. నాటు మందు, పసరు ఏదైనా పట్టించి ఉంటే అదీ చెప్పాలి. మీ అమ్మను పక్కకు పిలిచి అడుగు, నీ ముందు ఒప్పుకోదు.

ఇంకొకటి. ఈ ట్రయల్ అసలు మందే మొదలుపెట్టనివాళ్ళకైతే, ఇక్కడ ఒక్క కీమో ఎక్కించినా తలుపు మూసుకుపోవచ్చు. అలాగని ట్రయల్ కోసం మందు ఆపి కూర్చోవడమూ ప్రమాదమే. ఎన్నాళ్ళు ఆగొచ్చో మీ ఆంకాలజిస్టునే సూటిగా అడుగు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా పెద్ద బావగారు నీకు గుర్తుండే ఉంటారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసేవారు. మీరు సెలవులకు వస్తే జేబులోంచి పప్పుండలు తీసి ఇచ్చేవారు. 2014లో ఆయనకు ఇదే జబ్బు వచ్చింది. ఆయన పెద్దకొడుకూ, మిగతా మగవాళ్ళూ కూర్చుని ఆయనకు చెప్పకూడదని తీర్మానం చేశారు. చెబితే గుండె ఆగిపోతుందన్నారు. చెప్పాలమ్మా అని నేను అంటే, నీ నర్సుద్యోగం ఆస్పత్రిలో చేసుకో, ఇంట్లో వద్దన్నారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, హైదరాబాద్‌లో మంచి ఇంజెక్షన్ ఉంది అని చెప్పి ఆయన్ను తీసుకెళ్ళారు. సూదులూ కాగితాలూ నాకు తెలుసు కాబట్టి నన్నూ వెంట రమ్మన్నారు.

అప్పుడు ఆయన బాగానే ఉన్నారు. యార్డుకు వెళ్ళడం మానేశారు గానీ, తన స్నానం, తన భోజనం, సాయంత్రం బజారు దాకా నడక, అన్నీ తనే చూసుకునేవారు. అక్కడి ట్రయల్ డాక్టరు పరీక్ష చేసి ఈకాగ్ 1 అని రాశారు. మనిషి తన పనులు ఎంతవరకు చేసుకోగలడో చెప్పే అంకె అది; 0 అంటే మామూలుగా ఉన్నట్టు, పెరిగేకొద్దీ మంచానికి దగ్గరైనట్టు. తర్వాత కన్సెంట్ గది, అంటే అన్నీ తెలుసుకుని ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టే చోటు. అప్పటికే కన్సెంట్‌ను వీడియో తీయాలనే రూలు వచ్చింది. చిన్న కెమెరా, బల్ల మీద తెలుగులో అచ్చువేసిన కాగితాల దొంతర. కోఆర్డినేటర్ పిల్ల చాలా మర్యాదగా, "బాబాయ్ గారూ, మీకున్న జబ్బేమిటో మీ మాటల్లో చెప్పండి" అంది.

"నిమ్ము" అన్నారు ఆయన.

కొడుకు వెంటనే అందుకుని, ఆయనకు వివరంగా తెలియదు, నేను సంతకం పెడతాను అన్నాడు. కుదరదండీ అంది ఆ అమ్మాయి. స్పృహలో ఉండి, సొంతంగా నిర్ణయం తీసుకోగల మనిషి బదులు ఇంకొకరు సంతకం పెట్టకూడదు. ఆయన ఆ కాగితాలు తన వైపు లాక్కున్నారు. లెక్కల పుస్తకాలు చూసిన చేతులు కదా, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివారు. మొదటి పేజీలోనే ఉంది ఆ మాట. వేలు అక్కడ ఆగింది. డాక్టరు వచ్చి కెమెరా ఆపించి, ఇంటికెళ్ళి మాట్లాడుకుని రండి అని పంపించేశారు.

తిరుగు ప్రయాణం పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో. మిర్యాలగూడ దాటేదాకా ఆయన నోరు విప్పలేదు. తర్వాత నన్ను ఒక్కటే అడిగారు: "అందరికీ తెలుసా అమ్మా? యార్డులో గుమస్తాకు కూడానా?" గుమస్తాకు కూడా తెలుసు. జబ్బు కంటే అదే ఆయన్ను ఎక్కువ కుంగదీసింది. ఆ తర్వాత ఇంట్లో గొడవలు, ఎవరు చెప్పమన్నారు, ఎవరు వద్దన్నారు అని. ఆయన కొడుకుతో మాట మానేశారు, అన్నం సగం మానేశారు. నెల దాటాక ఆయనే కబురు చేశారు, ఆ సంతకమేదో నేనే పెడతాను, తీసుకెళ్ళండి అని. వెళ్ళాం. అప్పటికి పగలు సగానికి పైగా మంచం మీదే ఉంటున్నారు. డాక్టరు ఈసారి ఈకాగ్ 3 అని రాశారు. ఆ ట్రయల్‌కు 0, 1 ఉన్నవాళ్ళే కావాలి.

ఆ మందు ఆయన్ను నిలబెట్టేదో లేదో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను. కానీ నడవగలిగిన ఆ నెల ఆయనది, దాన్ని మనవాళ్ళు ఆయన చేతికి ఇవ్వలేదు. నా భయం అంతా ఇదే తల్లీ. మీ నాన్నకు ఇప్పుడు ఈకాగ్ 1 అని నువ్వు చెబుతున్నావు. ఈ అంకె రిపోర్టులా ఫైల్లో పెడితే అలాగే ఉండిపోయేది కాదు. మీరందరూ వాణ్ణి మంచం దిగనివ్వడం లేదటగా, అది మానండి. డాబా మీద నడవనివ్వండి, పేపరు తనే తెచ్చుకోనివ్వండి.

మీ నాన్నను నీకంటే ముందు నుంచి ఎరుగుదును. ఆర్టీసీ అకౌంట్స్‌లో ఏళ్ళ తరబడి లెక్కలు చూసినవాడు. బయాప్సీ చేయించుకుని వచ్చి, ఇంట్లో అందరూ గుసగుసలాడుకుంటుంటే నిమ్ము అని నమ్ముతాడా? వాడికి సగం తెలిసే ఉంటుంది. మీరు బాధపడతారని అడగడం లేదు. చిన్నప్పుడు జ్వరం వస్తే కూడా అమ్మకు చెప్పకుండా నా పక్కన వచ్చి పడుకునేవాడు.

చెప్పేటప్పుడు నువ్వూ అమ్మా ఇద్దరే ఉండండి. కాఫీ అయ్యాక, టీవీ కట్టేసి చెప్పు. జబ్బు పేరు పేరుగానే చెప్పు. ఎన్ని నెలలు అన్న మాట నువ్వు ఎత్తకు, వాడు అడిగితే డాక్టరునే అడుగుదాం నాన్నా అను. తర్వాత వాడు మాట్లాడకపోతే నువ్వూ మాట్లాడకు, లేచి మాత్రం వెళ్ళిపోకు.

మర్నాటికి ప్రశ్నలు మొదలుపెడతాడు. నన్ను ప్రయోగాల ఎలుకను చేస్తారా అంటాడు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకోనిదే ట్రయల్ మొదలవదనీ, 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్‌ఐ అనే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీలో రిజిస్టర్ చేయడం తప్పనిసరనీ చెప్పి, ఆ పేజీ వాడికే చూపించు. మందు లేని ఉత్త మాత్రలిచ్చి వదిలేస్తారా అంటాడు. క్యాన్సర్‌లో కొత్త మందును మామూలుగా ఇప్పుడిచ్చే ట్రీట్‌మెంట్‌తోనే పోలుస్తారు. ఏ గుంపులో పడతాడో మాత్రం కంప్యూటర్ నిర్ణయిస్తుంది, డాక్టరు చేతిలో కూడా ఉండదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. క్లినికల్ ట్రయల్స్ 2019 రూల్స్‌లో ఇదంతా ఉంది. రానుపోను ఖర్చులిస్తారా, మధ్యలో చేసే స్కానింగ్‌లు ఎవరి లెక్కలో అనేది సంతకానికి ముందే అడగండి. చేర్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అక్కణ్ణుంచి వచ్చేయండి.

దీనివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని అడిగితే, ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో మన దేశపు పేషెంట్లే 350 మంది చేరిన ట్రయల్ గురించి చెప్పు. ఈజీఎఫ్‌ఆర్ మ్యుటేషన్ ఉన్నవాళ్ళకు గెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే జబ్బు మళ్ళీ పెరగడానికి సుమారు 8 నెలలు పట్టింది, కీమో కలిపి ఇస్తే 16 నెలలు. తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు కూడా దాదాపు రెట్టింపయ్యాయి, అదీ చెప్పు. మంచీ చెడూ రెండూ చెబితేనే వాడు నిన్ను నమ్ముతాడు. అన్నీ విని వద్దంటే బతిమాలకు. ఆ రోజుకు వదిలేసి నాకు ఫోన్ చెయ్యి.

నీ మీద కోపం లేదు తల్లీ. వాడి మీద ప్రేమతోనే దాచావని తెలుసు. మా ఇంట్లోనూ అందరూ ప్రేమతోనే దాచారు.

శనివారం పొద్దున్నే నేనూ మీ మామయ్యా విజయవాడ వస్తున్నాం. ఈలోపే చెప్పేస్తే సరే, ధైర్యం చాలకపోతే నేను పక్కన కూర్చుంటాను. స్క్రీనింగ్ తేదీ వచ్చే వారానికి అడుగు, అంతకంటే ఆలస్యం కానివ్వొద్దు. హైదరాబాద్‌కు నేనూ వస్తాను, శాతవాహనకు మూడు టిక్కెట్లు తీసిపెట్టు. కన్సెంట్ కాగితాల తెలుగు కాపీ ముందే పంపమని కోఆర్డినేటర్‌ను అడిగి, అది నాన్న చేతికే ఇవ్వు.

మీ అత్తయ్య
బ్రాడీపేట, గుంటూరు