తొమ్మిదో తరగతి పిల్లాడు చదివినా అర్థం కాలేదంటున్నాడు, అసలు చదవమంటేనే తప్పించుకుంటున్నాడు. రోజూ ఏం చేయించాలి?

ముందు లోపం ఎక్కడుందో చూడండి. ఒక పేరా మీరే చదివి వినిపించండి. వింటే అర్థమై, తను చదివితే అర్థం కాకపోతే చిక్కు ఒత్తులు, సంయుక్తాక్షరాల దగ్గరుంది. బుర్రంతా కూడబలుక్కోవడానికే సరిపోతోంది. అలాంటప్పుడు ఒకే పేరాను రెండు మూడుసార్లు పైకి చదివించాలి. విన్నా అర్థం కాకపోతే మాటల పరిచయం తక్కువన్నమాట. 1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చెప్పింది ఇదే: అక్షరాలు చదవగలగడం, భాష అర్థం కావడం, ఈ రెండిట్లో ఏది సున్నా అయినా చదివి గ్రహించడం సున్నాయే.

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. దయచేసి రెండో తరగతి కథలు ఇవ్వకండి, పద్నాలుగేళ్ల వాడికి అది అవమానం. క్రికెట్ వార్తో, ఆన్‌లైన్ మోసం వార్తో, పది పన్నెండు వాక్యాలున్నది ఇవ్వండి. చదివాక కాగితం పక్కన పెట్టి సొంత మాటల్లో చెప్పమనండి. తర్వాత "అలా ఎందుకు జరిగింది? ఏ వాక్యం చూసి చెప్తున్నావ్?" అని అడగండి. ఆ రెండో ప్రశ్న మాత్రం వదలొద్దు, గుడ్డిగా ఊహించి చెప్పే అలవాటు తగ్గేది దాంతోనే. తప్పు చదివితే వెంటనే అందుకోకండి, వాక్యం పూర్తి కానివ్వండి. నలుగురి ముందు పైకి చదివించొద్దు.