మత్తు డాక్టరు కులం అడిగితే తప్పా?

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు "మీరు వైశ్యులా?" అని ఎందుకు అడిగారు, ఇలా కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే చివరికి మిగతా మనుషులతో పిల్లలు పుట్టనంత వేరే జీవజాతి అయిపోతామా అని అడిగారు కదా.

అలా అడిగారంటే జాగ్రత్తగల డాక్టరని అర్థం. గొంతులో గొట్టం వేయడానికి కండరాలు వదులయ్యేలా సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది కాబట్టి మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. ఆ ఎంజైమ్ సరిగా లేనివాళ్లకు గంటల తరబడి వదలదు, ఊపిరి తీసే కండరాలూ కదలవు. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకన్నా ఎక్కువ, అందుకే ఆ ప్రశ్న. మా బావగారికి ఇదే అయింది (మేమూ ఆర్యవైశ్యులమే). అపెండిక్స్ ఆపరేషన్ బాగానే జరిగింది గానీ మనిషి లేవలేదు, రాత్రి దాకా వెంటిలేటర్ మీదే ఉంచారు, బయట మా టెన్షన్ ఇక చెప్పక్కర్లేదు. అంతవరకు ఆయనకు ఏ లక్షణమూ లేదు, ఆ మందు పడితే తప్ప బయటపడదు మరి.

మేనరికం కాదు, గోత్రాలు వేరు, ఇదెలా వచ్చిందని మా పెద్దవాళ్ల గోల. గోత్రం తండ్రి వైపే లెక్క. ఆ ఎంజైమ్‌ని తయారుచేయించే జన్యువు అలా కాదు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి, రెండూ పాడైనవే వస్తేనే సమస్య. ఒక్కటే ఉన్నవాళ్లకు సాధారణంగా ఏమీ తెలియదు, ఇద్దరూ అలాంటివాళ్లే అయిన దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ (జీవకణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సంస్థ), అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే వైశ్యులు వంద తరాలకు పైగా వెనక ఒక చిన్న గుంపు నుంచి పెరిగారు, ఆ తర్వాత బయటి సంబంధాలు చాలా తక్కువ. గోత్రాలు ఎన్ని ఉన్నా వెనక్కి వెళ్తే ఆ కొద్దిమందే ముత్తాతలు, వాళ్లలో ఎవరి దగ్గరో ఉన్న పాడైన జన్యువు అలా అందరిలోకీ పాకింది. పైగా 1950ల దాకా ఈ మందే వాడకంలో లేదు, దానివల్ల ఎవరికీ నష్టం లేనప్పుడు అది ప్రకృతి వడపోతలో పోయే మార్గమూ లేదు.

వేరే జీవజాతి మాత్రం అవ్వం. నియాండర్తాల్ మనుషులు (ఎప్పుడో అంతరించిపోయిన పాతకాలపు మనుషులు) మన పూర్వీకుల నుంచి విడిపోయి లక్షల ఏళ్లయ్యాక కూడా మళ్లీ కలిసి పిల్లల్ని కన్నారు, ఆఫ్రికా బయటివాళ్ల డీఎన్ఏలో దాదాపు 2 శాతం వాళ్లదే. దాని ముందు మన వంద తరాలు ఏ మూలకు?

ఇక మీరు చేయాల్సింది, రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష. పురుగుమందు తాగిన కేసులకు చేస్తారే, అదే. తక్కువ వస్తే వేరే మందు వాడతారు, ఆపరేషన్ ఆగదు. తోబుట్టువులకూ చేయించండి, మా బావగారి తమ్ముడికి అలాగే బయటపడింది. గర్భిణులకు, లివర్ జబ్బున్నవాళ్లకు కూడా ఇది తక్కువ చూపిస్తుంది కాబట్టి అలాంటిదేమైనా ఉంటే రిపోర్టుతో పాటు అదీ డాక్టరుకు చెప్పండి.