'దిద్దాను'లోని 'ను'ను వదులుకోకండి

సందేహం: ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. "ఒక పత్రిక జిల్లా డెస్కులో మూడేళ్లు పనిచేశాను. ఇప్పుడు ఓ న్యూస్ వెబ్‌సైట్‌లో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి తెలుగులో రెజ్యుమే పంపాలి. నేను రాసుకున్నది ఒక ఏఐ చాట్‌బాట్‌కి ఇచ్చి బాగుచేయమన్నాను. 'జిల్లా ఎడిషన్ కాపీలు దిద్దాను, ముగ్గురు కొత్త కంట్రిబ్యూటర్లకు వార్త రాయడం నేర్పాను' అన్న నా మాటల్ని అది 'జిల్లా ఎడిషన్ ప్రతులు సంపాదకీయం చేయబడ్డాయి, 3 మంది నూతన కంట్రిబ్యూటర్లకు శిక్షణ అందించబడింది, బలమైన భాషా నైపుణ్యాలను కలిగి ఉన్నాను' అని మార్చింది. ఇదే హుందాగా ఉందని ఇంట్లో అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏది పంపాలి? అసలు రెజ్యుమేని తెలుగులో ఏమనాలి?"

సమాధానం: అమ్మా, మీరు రాసిందే పంపండి.

ఇంగ్లిష్ రెజ్యుమేలో 'నేను' అని రాయరు. వాక్యాన్ని నేరుగా క్రియతో మొదలుపెడతారు. ఆ అలవాటునే చాట్‌బాట్ తెలుగు మీద రుద్దిందని నా అభిప్రాయం. మన క్రియ తీరు వేరు. 'దిద్దాను'లో చివరనున్న 'ను' చేసిందెవరో చెప్పేస్తుంది. మీ వాక్యంలో 'నేను' అన్న మాటే లేదు, అయినా దిద్దింది మీరేనని తెలుస్తోంది. ఆ 'ను' కూడా ఉండకూడదంటే మిగిలే దారులు రెండే. క్రియను 'దిద్దుబాటు' లాంటి నామవాచకంగా మార్చాలి, లేదా 'బడు' తగిలించాలి.

ఇలా 'బడు' చేర్చి, చేసినవారిని పక్కనపెట్టి చెప్పే కర్మణి ప్రయోగం తెలుగులో లేదని నేను అనను. పాత కావ్యాల్లోనూ ఉంది. కానీ మాట్లాడేటప్పుడు 'అన్నం వండబడింది' అని ఎవరంటారు? చేసినవారెవరో తెలియకపోయినా, చెప్పనక్కర్లేకపోయినా 'రోడ్డు వేశారు', 'కరెంటు తీసేశారు' అంటాం. అలాగని 'బడు' ఉన్న ప్రతి మాటనూ కొట్టేయకండి. కనబడు, నిలబడు, తిరగబడు కర్మణి ప్రయోగాలు కావు, అచ్చమైన తెలుగు క్రియలు. మీ రెజ్యుమేలో 'బడు'తో వచ్చే అసలు నష్టం వేరే ఉంది. 'శిక్షణ అందించబడింది' అంటే ఎవరు అందించినట్టు? మీరా, మీ డెస్క్ ఇన్‌ఛార్జా? ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కావలసిందే ఆ సంగతి. మూడేళ్లు మీరు చేసిన పని మీదేనని చెప్పే అక్షరం ఆ 'ను'. దాన్ని ఎందుకు వదులుకోవాలి?

'కలిగి ఉన్నాను'లో 'ను' ఉన్నా, అదీ ఇంగ్లిష్ తీరే. అనుభవమైనా, చదువైనా, జ్వరమైనా తెలుగులో మనిషికి 'ఉంటుంది': 'నాకు మూడేళ్ల అనుభవం ఉంది'. ఇక నైపుణ్యాల విషయానికొస్తే మనకు 'వచ్చు' అనే చక్కటి మాట ఉంది. 'ఇంగ్లిష్ నుంచి అనువదించడం వచ్చు, పేజీ పెట్టడం వచ్చు' అని రాయండి. 'బలమైన భాషా నైపుణ్యాలు' కంటే ఇది ఎక్కువ చెబుతుంది. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు నుంచి ఏడుగురు దాకా వాటి రూపాలు వాటికున్నాయి. 'మంది' సాధారణంగా ఎనిమిది నుంచి వస్తుంది. '3 మంది' వద్దు. 'సంపాదకీయం' పత్రిక తన అభిప్రాయం చెప్పే వ్యాసం. కాపీ దిద్దడానికి ఆ పేరు చెల్లదు. సబ్ ఎడిటర్ కావాలనుకునేవారి రెజ్యుమేలో ఈ ఒక్క తప్పు చాలు, పక్కన పెట్టేయడానికి.

చాట్‌బాట్‌ని అసలు వాడొద్దని నేను చెప్పడం లేదు. 'బాగుచేయి' అనకుండా 'మార్చకు, లోపాలు మాత్రం చెప్పు' అని అడగండి. ఉద్యోగ ప్రకటన కూడా ఇచ్చి, అందులో అడిగినవాటిలో మీరు రాయనివేమిటో చూపించమనండి. ఆ పనికి అది బాగా ఉపయోగపడుతుంది. మీరు చెప్పని అంకె ఏదైనా చేర్చిందేమో మాత్రం వెతికి చూసి తీసేయండి. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా తీసేశాకే దానికి ఇవ్వండి.

ఇంకో మాట. కొన్ని కంపెనీల్లో రెజ్యుమేలను ముందుగా సాఫ్ట్‌వేర్ జల్లెడ పడుతుంది. అది అక్షరాలు పోల్చే రకమైతే తెలుగుతో చిక్కే. విభక్తో, మరో ప్రత్యయమో చేరినప్పుడు మన మాట రూపం మారుతుంది. 'అనువాదం' కోసం వెతికితే 'అనువాదాల్లో' దొరకదు, 'అనువాదకురాలు' దొరకదు. అందుకని చివర ఒక వరుసలో అనువాదం, ప్రూఫ్ రీడింగ్, పేజినేషన్ అని విడి మాటలు, ప్రకటనలో ఎలా ఉంటే అలాగే రాసిపెట్టండి.

పేరు సంగతి. రెజ్యుమే ఫ్రెంచి మాట, 'సంక్షిప్తం చేసినది' అని అర్థం. 'రిజ్యూమ్' అని రాయకండి, అది మళ్లీ మొదలుపెట్టడం. 'బయోడేటా' మనకు ఎప్పటినుంచో అలవాటే గానీ ఇప్పుడది పెళ్లి సంబంధాల వైపు ఎక్కువగా వినిపిస్తోంది. 'స్వపరిచయం' నాకు నచ్చిన మాట. అయితే మీ కాగితం మీద ఇవేవీ అక్కర్లేదు. పైన మీ పేరు పెద్దక్షరాల్లో రాసి, కింద మీరు చేసిన పని మొదలుపెట్టండి.