ఇలెవెన్ ప్లస్ పాసైనా స్కూల్ నుంచి పిలుపు రాలేదంటే

బాబు ఇలెవెన్ ప్లస్ (ఇంగ్లండ్‌లో గ్రామర్ స్కూళ్లలో, అంటే టెస్ట్ పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ స్కూళ్లలో, సీటు కోసం రాసే టెస్ట్) పాసయ్యాడు, స్కూల్ ఏమీ చెప్పట్లేదు అన్నారు కదా, మీరు కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఫారం, అంటే కావాల్సిన స్కూళ్లను వరుసగా రాసిచ్చే దరఖాస్తు, పెట్టి ఉండరు. పాసైతే అర్హత వచ్చినట్టు, అంతే. స్కూల్ తనంతట తాను పిలవదు.

1. అక్టోబర్ 31లోపు ఫారం పెట్టండి. ఉదాహరణకు లండన్‌లో, స్కూల్ సటన్‌లో ఉన్నా, ఇల్లు పక్కనున్న క్రాయిడన్‌లో ఉంటే క్రాయిడన్ కౌన్సిల్‌కే. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. సబ్మిట్ నొక్కాక కన్ఫర్మేషన్ ఈమెయిల్ వచ్చిందో లేదో చూసుకోండి. మేమైతే సేవ్ నొక్కి, అయిపోయిందనుకుని రెండు రోజులు హాయిగా ఉన్నాం!

2. నిజంగా కావాల్సిన స్కూల్‌నే మొదట రాయండి. మీరిచ్చిన వరుస స్కూళ్లకు కనిపించదు.

3. చివర్లో ఇంటి దగ్గరి మామూలు స్కూల్ ఒకటి ఉండాలి. పాసైన అందరికీ సీట్లుండవు.

ఆఫర్లు మార్చి 1న, సెలవైతే తర్వాతి పనిదినాన వస్తాయి.